మావయ్య షెడ్డు, కరెంటు కారు

మొన్న సంక్రాంతి సెలవలకి తెనాలి వెళ్లినప్పుడు మా మావయ్య నన్నొక ప్రశ్న అడిగాడు. ఆయనకి అక్కడ కార్ల షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లకి పైగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ అన్నాడు:

"ఏరా అల్లుడూ, మెకానికల్ చదువుతున్నావు గదా, ఒక మాట చెప్పు. ఇంజన్ బోరింగు మిషను కొందామని బ్యాంకు లోను కోసం తిరుగుతున్నా. మీ బామ్మర్ది కూడా ఐటీఐ అయిపోయి షెడ్డులోకే వస్తానంటున్నాడు. ఈ కరెంటు కార్లు నిలబడేవేనా, నాలుగు రోజుల ముచ్చటా? లోను తీసుకోనా, మాననా?"

నేను చాలా ధీమాగా, "పెట్రోలు పని అయిపోయింది మావయ్యా, ఇక ఫ్యూచర్ అంతా ఈవీనే" అన్నాను.

"ఎప్పటికి?" అన్నాడాయన.

నా దగ్గర సమాధానం లేదు. మూడేళ్లు ఇంజనీరింగ్ చదివి, రీల్స్‌లో విన్న డైలాగ్ తప్ప నేను చెప్పిందేమీ లేదని అర్థమైంది. "రెండు రోజులాగి చెప్తా" అని తప్పించుకుని చదవడం మొదలుపెట్టాను. ఆ రెండు రోజులు రెండు వారాలయ్యాయి. అప్పుడు తెలుసుకున్నదే ఈ వ్యాసం.

మొదట తెలిసిన సంగతే నన్ను ఆశ్చర్యపరిచింది. కరెంటు కారు కొత్తది కాదు. అది ఒకసారి వచ్చింది, బాగా నడిచింది, ఆ తర్వాత చిత్తుగా ఓడిపోయింది. కాబట్టి మావయ్య ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు అది ఎందుకు ఓడిందో తెలియాలి.

పెట్రోలు కంటే ముందే

మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకోగలిగే లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫ్రాన్స్‌కి చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారు చేశాడు. ఇప్పటికీ మన ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండేది దాని మనవడే. 1881లో గుస్తావ్ ట్రూవే అనే ఆయన ప్యారిస్‌లో బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండిని రోడ్డెక్కించాడు. కార్ల్ బెంజ్ తన పెట్రోలు బండికి పేటెంట్ అడిగింది 1886లో. అంటే కరెంటు బండి ఐదేళ్లు సీనియర్ అన్నమాట.

1897 నాటికి లండన్‌లో, న్యూయార్క్‌లో కరెంటు ట్యాక్సీలు తిరిగాయి. న్యూయార్క్ ట్యాక్సీల వాళ్లు ఖాళీ అయిన బ్యాటరీని లాగేసి, చార్జ్ చేసిన ఇంకో బ్యాటరీని తోసే స్టేషన్ కూడా పెట్టుకున్నారు. ఈరోజు మనం 'బ్యాటరీ స్వాపింగ్' అని ప్రాజెక్ట్ రిపోర్టుల్లో రాసుకుంటున్నది అదే. 1899లో బెల్జియంకి చెందిన కమిల్ జెనాట్జీ ప్యారిస్ దగ్గర ఒక కరెంటు కారుని గంటకి 105 కి.మీ. దాటించాడు. రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగం దాటిన మొదటి బండి పెట్రోలుది కాదు, కరెంటుది! చూడ్డానికి చక్రాలు పెట్టిన ఫిరంగి గుండులా ఉంటుంది. దాని పేరుకి 'ఎన్నటికీ తృప్తి పడనిది' అని అర్థం.

ఇక అంకెలు చూద్దాం. 1900లో అమెరికాలో తయారైన కార్లలో ఆవిరివి 1681, కరెంటువి 1575, పెట్రోలువి 936. పెట్రోలు కారు మూడో స్థానంలో ఉంది.

కారణం తేలికే. అప్పటి పెట్రోలు కారుని స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. అది ఒక్కోసారి వెనక్కి తన్ని మణికట్టు విరగ్గొట్టేది. గేర్లు వేయడం ఒక యుద్ధం. పొగ, మోత, వాసన సరేసరి. ఆవిరి కారైతే చలికాలం పొద్దున్న నీళ్లు కాగేదాకా ముప్పావుగంట కూర్చోవాల్సి వచ్చేది. కరెంటు కారులో ఇవేవీ లేవు. ఎక్కడం, లీవర్ తోయడం, వెళ్లిపోవడం. పెట్రోలు కార్ల మహారాజు హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా కూడా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కరెంటు కారే నడిపేది.

మరి ఎలా ఓడింది?

దీనికి కారణాలు నాలుగు కనిపించాయి నాకు.

ఒకటి, ధర. ఫోర్డ్ 1908లో మోడల్ టీ తెచ్చాడు. 1913లో అసెంబ్లీ లైన్ మొదలుపెట్టాడు. మొదట్లో 850 డాలర్లున్న కారు 1920ల మధ్యకి 300 లోపుకి దిగింది. 1912లోనే పెట్రోలు కారు 650 డాలర్లకి దొరుకుతుంటే కరెంటు కారు 1750 డాలర్లు ఉండేది.

రెండు, ఇంధనం. 1901లో టెక్సస్‌లో పెద్ద ఎత్తున చమురు పడింది. పెట్రోలు చవకైంది. డబ్బాలో పోసుకుని పల్లెటూరికైనా పట్టుకెళ్లొచ్చు. కరెంటేమో ఊళ్లు దాటి వెళ్లలేదు. 1930ల మధ్యలో కూడా అమెరికాలో పది వ్యవసాయ కుటుంబాల్లో ఒక్కదానికే కరెంటు ఉండేది.

మూడు, సెల్ఫ్ స్టార్టర్. చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన దీన్ని 1912లో కాడిలాక్ కార్లలో పెట్టారు. హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. ఇక్కడొక తమాషా గమనించండి. సెల్ఫ్ స్టార్టర్ అంటే ఏంటి? ఒక బ్యాటరీ, ఒక ఎలక్ట్రిక్ మోటారు. పెట్రోలు కారుకున్న అతి పెద్ద లోపాన్ని తీర్చింది ఎలక్ట్రిక్ మోటారే. ఆ దెబ్బకి పూర్తి ఎలక్ట్రిక్ కారు అవసరమే లేకుండా పోయింది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, బరువు. దీన్ని కొంచెం లెక్క వేసి చూద్దాం. కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో ముప్పాతిక వంతు వేడిగా పారేస్తుంది. అయినా 3,000 చక్రాలకి అందుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ కిలోకి సుమారు 35 వాట్ అవర్లు. మోటారు చాలా సమర్థమైనది, 90 శాతం చక్రాలకి ఇచ్చేస్తుంది అనుకున్నా వచ్చేది 31. అంటే పెట్రోలు దాదాపు వంద రెట్లు ముందుంది. రేంజ్ పెంచాలంటే బ్యాటరీ పెంచాలి. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయడానికి మళ్లీ బ్యాటరీ కావాలి. ఎడిసన్ అంతటివాడు నికెల్-ఐరన్ బ్యాటరీ మీద ఏళ్ల తరబడి కుస్తీ పట్టినా ఈ లెక్క మారలేదు.

అందుకని 1930ల చివరికి అమెరికాలో కరెంటు కార్ల కథ ముగిసిపోయింది. ఓడింది నిజానికి కారు కాదు, మోటారూ కాదు. బ్యాటరీ.

ఎనభై ఏళ్ల నిరీక్షణ

ఆ తర్వాత కరెంటు కారు పూర్తిగా చచ్చిపోలేదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపింది కరెంటు బండినే. గాలి లేని చోట పెట్రోలు మండదు కదా మరి! నాలుగు చక్రాలకి నాలుగు మోటార్లు, చార్జింగ్ గొడవ లేని సిల్వర్-జింక్ బ్యాటరీలు. అక్కడ ధర ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

భూమ్మీద మాత్రం 1973 చమురు సంక్షోభం దాకా ఎవరికీ పట్టలేదు. ఆ దశాబ్దంలో స్టాన్లీ విటింగ్‌హమ్ ఒక చమురు కంపెనీ ల్యాబ్‌లో కూర్చుని లిథియం బ్యాటరీకి పునాది వేశాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్‌తో దాని ఓల్టేజ్ పెంచాడు. 1985లో జపాన్‌లో అకిరా యోషినో దాన్ని పేలకుండా వాడుకోగలిగే సెల్‌గా మార్చాడు. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. సప్లీలు ఉన్న మిత్రులు ధైర్యంగా ఉండొచ్చు.

ఈలోపు తొందరపడి వచ్చినవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియా 1990లో తెచ్చిన నిబంధన వల్ల జనరల్ మోటార్స్ 1996లో ఈవీ1 అనే కారుని లీజుకిచ్చింది. సుమారు 1,100 కార్లు చేసి, చివరికి వెనక్కి తీసుకుని చాలావాటిని నుజ్జునుజ్జు చేయించింది. నడిపినవాళ్లు మేం కొనుక్కుంటామని బతిమాలినా ఇవ్వలేదు. ఎందుకలా చేశారన్నదాని మీద 2006లో ఒక డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది.

మన దేశంలో చేతన్ మైని బృందం 2001లో బెంగళూరు నుంచి 'రేవా' తెచ్చింది. చిన్న బండి, లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఒక్క చార్జికి 80 కి.మీ. దాకా. మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు గానీ లండన్ వీధుల్లో 'జీ-విజ్' పేరుతో బాగానే తిరిగింది. పాత బ్యాటరీతో ఎంతదూరం వెళ్లొచ్చో అది చూపించింది. అదే దాని హద్దు కూడా.

అసలు మలుపు కార్ల కంపెనీల వల్ల రాలేదు. మన ఫోన్లు, లాప్‌టాప్‌ల వల్ల వచ్చింది. కోట్ల కొద్దీ లిథియం సెల్స్ తయారయ్యేసరికి ఫ్యాక్టరీలు వాటిని బాగా, చవగ్గా చేయడం నేర్చుకున్నాయి. 2008లో టెస్లా రోడ్‌స్టర్ కింద పెట్టినవి లాప్‌టాప్‌లో ఉండే రకం సెల్సే, 6,831. రేంజ్ 390 కి.మీ. 2010లో బ్యాటరీ ప్యాక్ కిలోవాట్ అవర్‌కి వెయ్యి డాలర్ల పైన ఉండేది. 2024 నాటికి సగటున 115 డాలర్లకి వచ్చింది.

ఇందాకటి లెక్క మళ్లీ వేద్దాం. మంచి లిథియం సెల్ కిలోకి సుమారు 250 వాట్ అవర్లు. వంద రెట్ల తేడా ఇప్పుడు 13 రెట్లకి తగ్గింది. అందులోనూ ఇంజన్, గేర్‌బాక్స్, సైలెన్సర్, ట్యాంకు బరువు కారులోంచి పోతుంది. పెట్రోలు ఇంకా ముందే ఉంది, కానీ రోజూ 50 కి.మీ. తిరిగేవాడికి ఆ తేడాతో పని లేదు.

తిరుమల ఘాట్‌లో ఫిజిక్స్

మోటారుకున్న ఒక గుణం ఇంజన్‌కి ఎన్నటికీ రాదు. దాన్ని తిరగేసి నడిపితే జనరేటర్ అవుతుంది. ఇది సెకండియర్‌లో ట్రిపుల్ ఈ వాళ్లు చదివిందే, కానీ కళ్లారా చూడాలంటే తిరుమల వెళ్లండి. 2022 నుంచి తిరుపతి-తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి.

లెక్క కోసం జనంతో కలిపి బస్సు 12 టన్నులు, ఎక్కాల్సిన ఎత్తు 700 మీటర్లు అనుకుందాం. ఎంజీహెచ్ వేస్తే సుమారు 82 మెగాజౌల్స్, అంటే మన కరెంటు బిల్లు భాషలో 23 యూనిట్లు. ఘర్షణ, గాలి నష్టాలు వేరే. డీజిల్ బస్సు దిగేటప్పుడు ఆ 23 యూనిట్లూ బ్రేకుల్లో, ఇంజన్లో వేడిగా పోతాయి. కరెంటు బస్సు దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఆపుతూ బ్యాటరీని చార్జ్ చేస్తుంది. సగం తిరిగొచ్చినా 11 యూనిట్లు. గోవిందా అంటూ కొండ దిగుతుంటే బ్యాటరీ శాతం పెరుగుతుందన్నమాట. సిటీ ట్రాఫిక్‌లో సిగ్నల్ సిగ్నల్‌కీ ఇదే జరుగుతుంది. అందుకే ఆగి ఆగి నడిచే చోట కరెంటు బండికి లాభం ఎక్కువ.

ఖర్చు కూడా చూద్దాం. చిన్న కరెంటు కారుకి 100 కి.మీ.కి 14 యూనిట్లు పడతాయి. యూనిట్ 8 రూపాయలనుకుంటే 112. లీటరుకి 16 కి.మీ. ఇచ్చే పెట్రోలు కారుకి, లీటరు 109 లెక్కన, దాదాపు 680. నెలకి వెయ్యి కి.మీ. తిరిగేవాడికి ఐదున్నర వేలకి పైగా మిగులు. కొనేటప్పుడు పెట్టిన ఎక్కువ ధర ఎన్నాళ్లకి వసూలవుతుందన్నది ఎంత తిరుగుతారన్నదాని మీదే ఉంటుంది. అందుకే మన దేశంలో ముందు మారింది కార్లు కాదు, ఆటోలు. 2024లో కొత్తగా అమ్ముడైన మూడు చక్రాల బండ్లలో, ఈ-రిక్షాలతో కలిపి, సగానికి పైగా కరెంటువే. రోజంతా తిరిగేవాడికి లెక్క ముందు అర్థమవుతుంది.

దాచకూడని సంగతులు

ఇంతా చదివాక నేను ఈవీ భక్తుణ్ణి అయిపోయానని అనుకోవద్దు.

మన దేశంలో కరెంటులో దాదాపు ముప్పాతిక వంతు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. కాబట్టి పొగ పూర్తిగా పోలేదు, కొంత మన వీధిలోంచి థర్మల్ స్టేషన్ గొట్టంలోకి మారింది. అయితే ఒక తేడా ఉంది. సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఇప్పటికే కొన్న కరెంటు కారు కూడా శుభ్రమవుతూ వస్తుంది. పెట్రోలు కారుకి ఆ అవకాశం లేదు.

ప్రపంచంలో కోబాల్ట్ ఎక్కువ భాగం ఒక్క కాంగోలోనే తవ్వుతారు, అక్కడి చిన్న గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారు. బ్యాటరీ ముడిసరుకుల శుద్ధిలో చైనాదే పైచేయి. చమురు కోసం గల్ఫ్ వైపు చూసినవాళ్లం రేపు సెల్స్ కోసం ఇంకోవైపు చూడాల్సి వస్తుంది. కోబాల్ట్, నికెల్ అక్కర్లేని ఎల్ఎఫ్‌పీ సెల్స్ ఇప్పటికే వాడకంలో ఉన్నాయి. లిథియమే అక్కర్లేని సోడియం సెల్స్ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. మన దగ్గర తిరుపతిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలతో పెరిగిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేసింది. ఇలాంటివి నిలబడితేనే ఈ కథలో మన వాటా ఉంటుంది.

ఇంకొకటి చార్జింగ్. సొంత ఇంట్లో పార్కింగ్ ఉన్నవాడికి రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే సరి. వీధిలో బండి పెట్టుకునే అద్దె ఇంటి మనిషికి ఏంటి దారి? వందేళ్ల క్రితం ఓడిపోయిన నాలుగు కారణాల్లో బరువు సమస్య చాలావరకు తీరింది, ధర సమస్య తీరుతోంది, ఈ ఇంధనం దొరికే సమస్య మాత్రం ఇంకా మిగిలే ఉంది.

మావయ్యకి చెప్పిన జవాబు

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాను.

"మావయ్యా, నాలుగు రోజుల ముచ్చట కాదు. నార్వేలో 2024లో కొత్త కార్లు వందలో దాదాపు 89 కరెంటువే. చైనాలో, హైబ్రిడ్లతో కలిపి, ఆ ఏడాది సగానికి దగ్గరగా ఉండేవి."

"మన దగ్గరో?"

"ఆ ఏడాది వందలో రెండో మూడో."

"మరింకేం, లోను తీసుకుంటా."

"ఆగు. మిగతా 97 కార్లకీ ఇంజన్లున్నాయి, ఇంకో పదీ పదిహేనేళ్లు అవి నీ షెడ్డుకి వస్తాయి. కాబట్టి షెడ్డుకి రేపే ఏం కాదు. కానీ బోరింగు మిషను అప్పు తీరి, నువ్వు నాలుగు రూపాయలు వెనకేసుకునే టైముకి ఆ పని తగ్గడం మొదలవుతుంది. కరెంటు కారులో ఇంజన్ ఆయిల్ లేదు, క్లచ్ ప్లేట్ లేదు, సైలెన్సర్ లేదు, బ్రేక్ ప్యాడ్లు కూడా తక్కువ అరుగుతాయి."

కాసేపు అవతల నుంచి మాట లేదు. ఆయన షెడ్డులో గోడకి తగిలించి ఉండే క్లచ్ ప్లేట్లు నాకు గుర్తొచ్చాయి. ఇరవై ఏళ్ల చేతి పని గురించి ఫోన్‌లో అంత తేలిగ్గా మాట్లాడాననిపించింది.

"మరి ఏం మిగుల్తుంది?" అన్నాడు.

"టైర్లు ఎక్కువ అరుగుతాయి, బండి బరువు గదా. సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్, స్టీరింగ్, ఏసీ, బాడీ పని ఎక్కడికీ పోవు. ఆ మిషన్లు ఇంజన్ కారుకీ పనికొస్తాయి, కరెంటు కారుకీ పనికొస్తాయి. లోను తీసుకుంటే వాటికి తీసుకో. బామ్మర్దిని మాత్రం హై ఓల్టేజ్ ట్రైనింగ్‌కి పంపకుండా ఆ కార్ల మీద చెయ్యి వేయనివ్వకు. నారింజ రంగు వైరు కనిపిస్తే దూరం ఉండమను. అందులో మూడు నాలుగు వందల ఓల్టులుంటాయి."

ఇది మావయ్యకే కాదు, మన మెకానికల్ వాళ్లందరికీ కూడా వర్తిస్తుందనిపించింది. ఐసీ ఇంజన్స్ సబ్జెక్టు పాసైపోతే చాలదు. బ్యాటరీ వేడెక్కకుండా చూడటం హీట్ ట్రాన్స్‌ఫరే, బండి బరువు తగ్గించడం మెషిన్ డిజైనే. కాకపోతే పక్క బ్లాకులోని ట్రిపుల్ ఈ వాళ్లతో కూర్చుని చదువుకోవాలి, క్యాంటీన్‌లో వాదించుకోవడం కాదు.

మావయ్య చివర్లో ఒక్క మాటే అన్నాడు: "సరేలే. ఆ అలైన్‌మెంట్ మిషను ఎంతలో వస్తుందో కనుక్కుని చెప్పు. అది కూడా రెండు వారాలు చేయకు."